చెడ్డ రోజున కూడా చూసుకోగలిగే కుక్క: గాయపడిన మాజీ సైనికులు షెల్టర్ కుక్కను తెచ్చుకునే ముందు, తెచ్చుకున్నాక

నాకు ఎడమ కాలు మోకాలి కింద లేదు, మందుపాతర పేలినప్పుడు పోయింది. కాలు పోయిన సంగతి అందరికీ కనిపిస్తుంది. రాత్రి రెండింటికి ఒళ్లంతా చెమటతో లేచి కూర్చునే సంగతి మాత్రం ఇంట్లోవాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు. నాలుగేళ్లుగా ఆ వేళప్పుడు నా మంచం పక్కన ఒక కుక్క ఉంటోంది, దిక్కులేని కుక్కలను ఉంచే షెల్టర్ నుంచి తెచ్చుకున్నదే, పేరు గోధుమ. దానికంటే ముందు ఇంకో కుక్కను తెచ్చి ఇరవై రోజులకే తిరిగి అప్పగించి వచ్చాను. గేటు దగ్గర అది నా వైపు తిరిగి చూసిన చూపు ఇప్పటికీ గుర్తే. ఆ తప్పు మీరు చేయకూడదనే ఇదంతా రాస్తున్నాను.

ఒంట్లో ఓపిక ఉండి, మనసు తేలిగ్గా ఉన్న రోజున ఏ కుక్కనైనా చూసుకోగలం. చెడ్డ రోజున చూసుకోగలమా అన్నదే అసలు లెక్క. కింద ఏ అడుగు చదివినా ఆ ఒక్క ప్రశ్న వేసుకోండి.

మొదటి అడుగు: మీ చెడ్డ రోజును కాగితం మీద పెట్టండి

షెల్టర్‌కు ఫోన్ చేసే ముందు ఒక రెండు వారాలు రోజూ నాలుగు ముక్కలు రాసుకోండి. ఎన్నింటికి లేచారు, నొప్పి ఎలా ఉంది, ఎంత దూరం నడిచారు, ఏ మందు వేసుకున్నాక మత్తుగా ఉంది, ఎవరి మీద అరిచారు. చివరిది దాచకుండా రాయండి, ఎవరికీ చూపించక్కర్లేదు. అందులో అన్నిటికంటే చెడ్డ రోజును తీసుకుని, ఆ రోజు ఇంట్లో కుక్క ఉంటే ఏమయ్యేదో ఊహించుకోండి. పొద్దున్నే బయటికి ఎవరు తీసుకెళ్తారు? స్టంప్, అంటే తెగిన కాలిలో మిగిలిన భాగం, వాచి కృత్రిమ కాలు తొడుక్కోలేని రోజున కుక్క మలం ఎవరు తీస్తారు? మీరు ఉన్నట్టుండి ఆసుపత్రిలో చేరాల్సి వస్తే రెండు వారాలు ఎవరింట్లో ఉంటుంది?

ఈ ప్రశ్నలకు "ఎవరో ఒకరు చూస్తారులే" అన్న జవాబు చాలదు. ఒక మనిషి పేరు ఉండాలి, ఆ మనిషి సరేనని మీతో అని ఉండాలి. కుక్క పది, పదిహేనేళ్లు బతికే ప్రాణి. తిండి, టీకాలు, అనుకోకుండా వచ్చే వైద్యం ఖర్చు, ఇవన్నీ మీ పింఛనులో ఎక్కడ సర్దుతారో కూడా అదే కాగితం మీద వేసుకోండి.

మీకు చికిత్స చేస్తున్న డాక్టరుతోనో కౌన్సెలర్‌తోనో కూడా మాట్లాడండి. ఇప్పుడిప్పుడే ఆసుపత్రి నుంచి వచ్చినా, మందులు ఇంకా మారుస్తూ ఉన్నా, తాగుడు అదుపులో లేకపోయినా, కోపంలో చేయి లేస్తున్నా కొన్నాళ్లు ఆగండి. ఆగడమంటే మానుకోవడం కాదు, ఆరు నెలల తర్వాత కూడా షెల్టర్లలో కుక్కలు ఉంటాయి. ఇంకో మాట, ఇది చాలా ముఖ్యం. చచ్చిపోవాలన్న ఆలోచనలు వస్తుంటే ఇవాళే మీ డాక్టరుకో, మీ దేశంలోని సంక్షోభ హెల్ప్‌లైన్‌కో చెప్పండి. ఇంట్లో ఆయుధం ఉంటే తాళం వేసి, తాళంచెవి మీరు నమ్మే మనిషి చేతిలో పెట్టండి. కుక్క తోడు ఉంటుంది, నిజమే. కానీ మిమ్మల్ని బతికించుకునే పని కుక్క నెత్తిన పెట్టకూడదు.

రెండో అడుగు: మీకు కావాల్సింది ఏ రకం కుక్కో తేల్చుకోండి

సర్వీస్ డాగ్, ఎమోషనల్ సపోర్ట్ డాగ్ ఒకటే అనుకుని చాలామంది తర్వాత ఇబ్బంది పడతారు. సర్వీస్ డాగ్‌కు ఫలానా పని చేయడం నేర్పి ఉంటారు. చూపులేని మనిషిని నడిపించడం, కిందపడిన వస్తువు తీసి ఇవ్వడం, పీడకల వచ్చినప్పుడు లేపడం లాంటివి. అసలు ఈ పద్ధతి పుట్టిందే సైనికుల కోసం. మొదటి ప్రపంచ యుద్ధంలో చూపు పోగొట్టుకున్న సైనికుల కోసం 1916లో జర్మనీలోని ఓల్డెన్‌బర్గ్‌లో దారి చూపే కుక్కల శిక్షణ మొదలైంది. ఎమోషనల్ సపోర్ట్ డాగ్‌కు అలాంటి ప్రత్యేక శిక్షణ ఉండదు, అది పక్కన ఉండటమే దాని సాయం.

ఈ తేడా చట్టం దగ్గర బాగా బయటపడుతుంది. ఎమోషనల్ సపోర్ట్ అన్న మాట ఎక్కువగా వినిపించే అమెరికానే తీసుకుంటే, అక్కడి వికలాంగుల చట్టం కింద హోటళ్లు, దుకాణాల్లోకి హక్కుగా వెళ్లగలిగేది సర్వీస్ డాగ్ మాత్రమే. అద్దె ఇంటి విషయంలో మాత్రం ఎమోషనల్ సపోర్ట్ కుక్కకూ మినహాయింపు అడగొచ్చు. 2021 జనవరి నుంచి విమానయాన సంస్థలు దాన్ని సర్వీస్ డాగ్‌గా చూడాల్సిన అవసరం లేకుండా పోయింది. మీరున్న చోట రూల్స్ వేరుగా ఉండొచ్చు, ఇంటి యజమానినీ అపార్ట్‌మెంట్ సంఘాన్నీ ముందే అడిగి, వాళ్ల జవాబు రాతలో తీసుకోండి. ఇంటర్నెట్‌లో డబ్బు కడితే సర్టిఫికెట్, జాకెట్ పంపేవాళ్లు కనిపిస్తారు. అమెరికా చట్టం అలాంటి కాగితాన్ని గుర్తించదు, డబ్బు దండగ.

మరి ఉత్తి తోడు కుక్క వల్ల లాభం ఉందా? అమెరికాలో మాజీ సైనికుల వ్యవహారాల శాఖ పీటీఎస్‌డీ (భయంకర అనుభవాల తర్వాత మనసుకు మిగిలే జబ్బు) ఉన్నవాళ్లలో కొందరికి సర్వీస్ డాగ్‌నూ, కొందరికి ఎమోషనల్ సపోర్ట్ డాగ్‌నూ ఇచ్చి పోల్చి చూసింది. రోజువారీ జీవితం నెట్టుకురావడంలో రెండు గుంపులకూ పెద్ద తేడా కనిపించలేదు. పీటీఎస్‌డీ లక్షణాలు తగ్గడంలో సర్వీస్ డాగ్ ఉన్నవాళ్లకు కొంత ఎక్కువ మేలు కనిపించింది. అంటే తోడు కుక్క తక్కువదేమీ కాదు. కాకపోతే షెల్టర్ కుక్కను తెచ్చి దాన్ని సర్వీస్ డాగ్ చేసేస్తానని ముందే పట్టు పట్టొద్దు, పెంచి మరీ శిక్షణ ఇచ్చిన కుక్కల్లోనే చాలా వాటికి ఆ పని కుదరదు.

మూడో అడుగు: ఎలాంటి కుక్క కావాలో షెల్టర్‌లోకి అడుగుపెట్టక ముందే రాసుకోండి

లోపలికి వెళ్లాక మనసు కరిగిపోతుంది, నాకు జరిగింది అదే. మొదటి కుక్కకు ఎనిమిది నెలలు, పెద్ద శరీరం, కంటికి అందంగా ఉంది, నన్ను చూడగానే బోను జాలీ మీదికి ఎగబాకింది. నన్ను ఎంచుకుందని మురిసిపోయాను. నిజానికి అది ఎవరిని చూసినా అలాగే ఎగిరేది. ఇంటికొచ్చాక మొదటి వారంలోనే లీష్ (కుక్కను పట్టుకునే తాడు) లాగి నన్ను రెండుసార్లు పడేసింది.

కుక్కపిల్ల వద్దు. పగలు గంటకో రెండు గంటలకో బయటికి తీసుకెళ్లాలి, రాత్రి లేవాలి, దొరికింది కొరుకుతుంది, పైగా పెద్దయ్యాక దాని స్వభావం ఎలా ఉంటుందో ఎవరూ చెప్పలేరు. మూడేళ్లు దాటిన కుక్క అయితే ఎలాంటిదో కళ్ల ముందు కనిపిస్తుంది. ఏడెనిమిదేళ్ల కుక్కలను ఎవరూ అడగరు, కానీ మనలాంటి వాళ్లకు చాలాసార్లు అవే సరిగ్గా కుదురుతాయి.

బరువు దగ్గర మొండిగా ఉండండి. అది ఒక్కసారిగా పిల్లి వెంట పరిగెత్తితే కృత్రిమ కాలి మీదో, చంక కర్రల మీదో, వీల్‌చైర్‌లోనో మీరు నిలదొక్కుకోగలరా? పెద్ద కుక్క అయితే ఆనుకుని లేవచ్చని కొందరు అనుకుంటారు, అది చేయకండి. మనిషి బరువు పడితే కుక్క వెన్ను, కీళ్లు దెబ్బతింటాయి. అలాంటి పనికి పెట్టే కుక్కలను ఎముకల పరీక్షలు చేసి, ప్రత్యేకమైన పట్టీ కట్టి, చాలాకాలం తయారుచేస్తారు.

జాతి పేరు చూసి తీర్మానించుకోవద్దు. షెల్టర్ కార్డు మీద రాసే జాతి చాలాసార్లు చూపుతో వేసిన అంచనానే. మీ ముందున్న ఆ ఒక్క కుక్క ఎలా ప్రవర్తిస్తోందో చూడండి. ఇంకొకటి, మొరుగు. పక్కన ఉన్నట్టుండి గట్టిగా మొరిగితే మీ గుండె ఎలా కొట్టుకుంటుందో మీకే తెలుసు, కాబట్టి ఊరికే మొరిగే కుక్క ఎంత మంచిదైనా మీకు కాదు.

నాలుగో అడుగు: షెల్టర్‌లో తొందరపడకండి

ముందే ఫోన్ చేసి మీ పరిస్థితి ఉన్నదున్నట్టు చెప్పండి. ఏ కాలు లేదు, ఏ శబ్దం పడదు, ఇంట్లో ఎవరెవరున్నారు. మంచి షెల్టర్ వాళ్లు అప్పుడే రెండు మూడు కుక్కల పేర్లు చెబుతారు. సందడి తక్కువగా ఉండే రోజు, వేళ అడిగి వెళ్లండి. వరసగా బోనుల మధ్య నడవడం మీకు కష్టమైతే ఆ మాట కూడా చెప్పండి, కుక్కనే బయట గదిలోకి తీసుకొస్తారు. ఎలాగూ బోనులో ఉన్న కుక్కను చూసి స్వభావం తేల్చలేం. అక్కడ భయానికి అరిచేది బయటికొస్తే నెమ్మదిగా ఉండొచ్చు, మూల ముడుచుకున్నది ఇంటికొచ్చాక వేరే కుక్క కావొచ్చు.

అడగాల్సినవి ఇవి: ఎందుకు వచ్చింది, ఇంతకుముందు ఎవరైనా తీసుకెళ్లి తిరిగి ఇచ్చారా, ఇస్తే ఏ కారణంతో, ఎవరినైనా కరిచిందా, తిండి దగ్గర ఎలా ఉంటుంది, ఒంటరిగా వదిలితే ఏం చేస్తుంది, నిద్రలో కదిపితే ఏం చేస్తుంది. గోధుమను రెండుసార్లు తిరిగి ఇచ్చారని విని మొదట వెనకాడాను. కారణం అడిగితే "ఆడదు, ఊరికే కూర్చుంటుంది" అన్నారు. నాకు కావాల్సింది అదే.

కుక్కను ఆ గదిలోకి తెచ్చాక వెంటనే పిలవకండి. కూర్చుని, దాని వైపు నేరుగా చూడకుండా పది నిమిషాలు ఊరుకోండి. తనంతట తాను వచ్చి వాసన చూసి, వెళ్లి, మళ్లీ వస్తే మంచిదే. తర్వాత మీ కర్రను మెల్లగా కదపండి, వీల్‌చైర్ ముందుకూ వెనక్కూ నడపండి, కృత్రిమ కాలు చప్పుడు వినిపించండి. కొంచెం దూరంలో తాళంచెవుల గుత్తి నేల మీద పడేయండి. కుక్క ఉలిక్కిపడటం తప్పేమీ కాదు, మనమూ ఉలిక్కిపడతాం. ఎంతసేపట్లో తేరుకుందో చూడండి. పది, ఇరవై సెకన్లలో దగ్గరికొచ్చి ఆ గుత్తిని వాసన చూసే కుక్క మీ ఇంట్లో బతకగలదు. అయిదు నిమిషాలైనా మూలనుంచి రాని కుక్కకు మీకంటే నిశ్శబ్దమైన ఇల్లు కావాలి, దాన్ని తెస్తే మీ భయం దానికీ దాని భయం మీకూ అంటుకుంటుంది.

తోక ఊపుతోంది కదా అని సంతోషంగా ఉందనుకోవద్దు. ఒళ్లు బిగబట్టి తోక ఊపడం వేరు, నడుము మొత్తం ఊగేలా ఊపడం వేరు. మాటిమాటికీ మూతి నాక్కోవడం, నిద్ర రాకుండానే ఆవలించడం, మొహం తిప్పుకుని కంటి తెల్లగుడ్డు కనబడేలా చూడటం, ఇవన్నీ "నాకు ఇబ్బందిగా ఉంది" అని చెప్పడమే.

ఒక్కసారి చూసి సంతకం పెట్టొద్దు. మూడుసార్లు వెళ్లండి, వీలైతే అందులో ఒకటి మీకు బాగాలేని రోజున వెళ్లండి. కొన్ని షెల్టర్లు రెండు వారాలు ఇంట్లో పెట్టుకుని చూశాకే దత్తత ఖాయం చేస్తాయి, ఆ వీలుందేమో తప్పకుండా అడగండి.

అయిదో అడుగు: ఇల్లు సర్దుకోండి

మందులు ముందు. మనం నొప్పికి వేసుకునే ఇబుప్రొఫెన్ కుక్క పేగుల్లో పుండ్లు పెడుతుంది, కిడ్నీలు పాడుచేస్తుంది. పారాసెటమాల్ కాలేయాన్ని దెబ్బతీస్తుంది. జైలిటాల్ అనే తీపి పదార్థం కలిపిన చూయింగ్ గమ్, కొన్ని ద్రవ మందులు కూడా ప్రాణం తీసేవే. చేయి వణికి మాత్ర కిందపడే అలవాటుంటే తలుపు వేసుకుని, అంచు ఉన్న పళ్లెం మీద పెట్టుకుని వేసుకోండి. చాక్లెట్, ద్రాక్ష, కిస్‌మిస్, ఉల్లి, వెల్లుల్లి దానికి అందకూడదు.

కృత్రిమ కాలి లోపల తొడుక్కునే మెత్తటి తొడుగుకు, అంటే లైనర్‌కు, మన చెమట వాసన ఉంటుంది, చాలా కుక్కలకు అది నమలాలనిపిస్తుంది. వినికిడి యంత్రం కూడా అంతే, పైగా అందులో బటన్ బ్యాటరీ ఉంటుంది, మింగితే గొంతు, పేగులు కాలిపోతాయి. రాత్రి తీసినవన్నీ మూత ఉన్న పెట్టెలో పెట్టండి.

వంగలేనివాళ్లకు పొడవాటి పిడి ఉన్న చేట, ఎత్తు స్టాండ్ మీద గిన్నెలు బాగా పనికొస్తాయి. లీష్ మామూలుది కొనండి, సాగి ముడుచుకునే రకం వద్దు. హార్నెస్ (కుక్క ఒంటికి వేసే పట్టీ) ఛాతీ ముందు కొక్కెం ఉన్నదైతే లాగుడు తగ్గుతుంది. నడుముకు కట్టుకునే లీష్ మన చేతులకు హాయి, కానీ నిలకడ లేనివాళ్లకు ప్రమాదం. వీల్‌చైర్‌కు లీష్ కట్టేయకండి, పక్కకు లాగితే కుర్చీ ఒరిగిపోతుంది.

ఆరో అడుగు: మొదటి మూడు రోజులు, మూడు వారాలు, మూడు నెలలు

షెల్టర్లలో పనిచేసేవాళ్లు ఈ లెక్క తరచూ చెబుతారు. మొదటి మూడు రోజులు కుక్క బిత్తరపోయి ఉంటుంది, మూడు వారాలకు ఇంటి పద్ధతి తెలుస్తుంది, మూడు నెలలకు ఇది నా ఇల్లు అనుకుంటుంది. గడియారం పెట్టి కొలిచేది కాదు కానీ ఓపిక పట్టడానికి బాగా పనికొస్తుంది. గోధుమ మొదటి రెండు రోజులు తినలేదు, నా వైపు చూడలేదు, మళ్లీ తప్పు చేశానేమోనని నాకు ఒకటే టెన్షన్. మూడో రోజు రాత్రి నేను నిద్రపోతున్నాననుకుని వచ్చి తినింది.

ఆ మొదటి రోజుల్లో చుట్టాలను పిలవకండి, స్నానం చేయించకండి, కౌగిలించుకోకండి. ఒక గది, ఒక పడక, నీళ్లు, చాలు. షెల్టర్‌లో తిన్న తిండే పెట్టి, మార్చాలనుకుంటే వారం రోజుల మీద కొద్దికొద్దిగా కలుపుతూ మార్చండి. కొత్త కుక్కలు తలుపు సందులోంచి దూరి పారిపోయేది ఎక్కువగా ఈ రోజుల్లోనే, అందుకే బయటికెళ్లేటప్పుడు కాలర్‌కు ఒకటి, హార్నెస్‌కు ఒకటి, రెండు లీష్‌లు. మొదటి కొన్ని వారాలు రెండు కాళ్లూ గట్టిగా ఉన్న మనిషి ఒకరు పట్టుకుంటే మీరు పక్కన నడవండి. మెడలో ఫోన్ నంబరు ఉన్న బిళ్ల వేయండి. మైక్రోచిప్ ఉంటే దాని నంబరు మీద మీ ఫోన్ నమోదు చేయించండి. చిప్ కుక్క ఎక్కడుందో చూపించదు, ఎవరైనా దొరకబట్టి స్కాన్ చేస్తేనే మీ నంబరు తెలుస్తుంది.

ఏడో అడుగు: వెట్ డాక్టరు, ఆ పైన మీ డాక్టరు

మొదటి వారంలోనే వెట్, అంటే పశువుల డాక్టరు, దగ్గరికి తీసుకెళ్లండి. రేబిస్, డిస్టెంపర్, పార్వో టీకాలు ఎప్పుడు పడ్డాయో, మళ్లీ ఎప్పుడు వేయాలో రాయించుకోండి. నులిపురుగుల మందు, పిడుదుల మందు, దోమల వల్ల వచ్చే హార్ట్‌వార్మ్ (గుండెలో చేరే పురుగు) పరీక్ష గురించి అడగండి. షెల్టర్ నుంచి వచ్చిన కుక్కకు మొదటి రెండు వారాల్లో దగ్గు రావడం మామూలే, అయినా చూపించండి.

ఇప్పుడు మనలో చాలామందికి ఎవరూ చెప్పని మాట. కుక్కల నోట్లో కాప్నోసైటోఫాగా అనే బ్యాక్టీరియా మామూలుగానే ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న మనిషిని సాధారణంగా ఏమీ చేయదు. కానీ పేలుడు దెబ్బకో, కడుపు గాయానికో ప్లీహం తీసేసినవాళ్లకు, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడేవాళ్లకు, బాగా తాగేవాళ్లకు అది రక్తంలోకి పాకి ప్రాణం మీదికి తెస్తుంది. మీకు జరిగిన ఆపరేషన్ల కాగితాలు తీసి ప్లీహం ఉందో లేదో చూసుకోండి, లేకపోతే కుక్కను తెచ్చేముందే మీ డాక్టరుతో మాట్లాడండి. ప్లీహం ఉన్నా సరే, స్టంప్ మీద పుండు ఉన్నప్పుడు కుక్కను నాకనివ్వొద్దు. ఎప్పుడైనా పన్ను దిగితే సబ్బు, పారే నీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు డాక్టరుకు చూపించండి.

ఎనిమిదో అడుగు: రాత్రులు

మొదట్లో కుక్కను మంచం మీద పడుకోబెట్టొద్దు. పీడకలలో మన చేయి విసురుగా తగలొచ్చు, నిద్రలో దెబ్బ తగిలిన కుక్క ఆలోచించకుండా కరవొచ్చు. అందులో దాని తప్పుగానీ మీ తప్పుగానీ లేదు, కానీ ఆ ఒక్క రాత్రి మీ ఇద్దరి మధ్య నమ్మకాన్ని చెడగొడుతుంది. దాని పడకను మీ చేయి విసిరినా తగలనంత దూరంలో, మీకు కనిపించే చోట వేయండి. లేవగానే దాన్ని పట్టుకోకండి, ముందు పేరు పెట్టి పిలవండి. నాకు ఆ పేరు పలకడమే ఇంట్లో ఉన్నానన్న తెలివి తెస్తుంది.

ముక్కుతో అరచేతిని తాకడం నేర్పండి, ఇది పగలు మొదలయ్యే పని. అరచేయి చాపండి, కుక్క వాసన చూడటానికి ముక్కు ఆనించగానే "శభాష్" అని చిన్న చికెన్ ముక్క ఇవ్వండి. మూడు నాలుగు నిమిషాలు, రోజుకు రెండుసార్లు చాలు. బాగా వచ్చాక కూర్చుని, తర్వాత పడుకుని, ఆ తర్వాత చీకట్లో చేయి మంచం పక్కకు వేలాడదీసి చేయించండి. గోధుమకు ఇది రావడానికి రెండు నెలలు పట్టింది. ఇప్పుడు నేను లేచి చేయి కిందికి వదిలితే తడి ముక్కు తగులుతుంది, ఊపిరి దానంతటదే నెమ్మదిస్తుంది.

తొమ్మిదో అడుగు: గొంతు తగ్గించండి

ఆర్డర్ ఇచ్చే గొంతు మనకు అలవాటు. షెల్టర్ కుక్కకు అది తిట్టులా వినిపిస్తుంది. గుసగుసగా చెప్పినా దానికి వినపడుతుంది. కొట్టడం, మెడ గొలుసు గుంజడం అస్సలు వద్దు, భయపడిన కుక్క మీకు తోడు ఉండలేదు. దాని పేరు, తలుపు దగ్గర ఆగడం, కిందపడిన దాన్ని వదిలేయడం, చక్రాలకు దూరంగా పక్కన నడవడం, ఈ నాలుగూ వస్తే చాలు.

కుక్క ఉందన్న వంకతో ఇంట్లోనే ఉండిపోకండి, ఆ ఉచ్చులో నేను కొన్ని నెలలు పడ్డాను. దాన్ని వదిలి రోజూ కాసేపు బయటికెళ్లండి, దానికీ ఒంటరిగా ఉండటం అలవాటవ్వాలి.

కుదరకపోతే

మూడు నెలలైనా అది సరిగా తినకుండా, మిమ్మల్ని చూసి దాక్కుంటుంటే, లేదా దానివల్ల మీ నిద్ర ఇంకా పాడవుతుంటే ముందు వెట్‌నూ, మంచి ట్రైనర్‌నూ పిలవండి. అప్పటికీ కాకపోతే షెల్టర్‌కు ఫోన్ చేసి ఉన్న నిజం చెప్పండి. వీధిలో వదిలేయడం, తెలియనివాళ్లకు ఇచ్చేయడం మాత్రం చేయకండి. నేను తిరిగి ఇచ్చిన కుక్కను రెండు వారాల తర్వాత ఇద్దరు పిల్లలున్న ఇంటివాళ్లు తీసుకెళ్లారు, రోజంతా పరిగెత్తే పిల్లలు. ఆ సంగతి తెలిశాకే నేను మళ్లీ షెల్టర్ మెట్లెక్కగలిగాను.

చివరిగా ఒక కాగితం రాసి తలుపు వెనక అంటించండి. కుక్క పేరు, ఏం తింటుంది, ఎన్నింటికి, ఏ మందు, వెట్ నంబరు, నేను లేకపోతే ఎవరు తీసుకెళ్తారు. మా తలుపు వెనక ఉన్నదాంట్లో ఇంకో లైను కూడా ఉంది: "ఉరుము వస్తే బాత్రూమ్ తలుపు తెరిచి ఉంచండి, అక్కడే పడుకుంటుంది, లాగొద్దు, పక్కన కూర్చోండి."